దొడ్డిని మళ్లీ కదిలిద్దాం



ఈరోజు గొర్రెల దొడ్డి గురించి మాట్లాడుకుందాం. లక్షలు పోసి కొత్తగా లేపే షెడ్డు సంగతి ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు. తాతల నాడు మొరటు రాళ్లతో గోడ పెట్టి, గోడ మీద కంప పరిచి, ఒక మూల వేపచెట్టు వదిలి కట్టుకున్న పాత దొడ్డి ఉంది చూశారూ, దాన్ని బాగుచేసుకోవడం ఎలా అన్నది ఈనాటి మాట. హాలహర్వి, హొళగుంద, చిప్పగిరి, ఆలూరు, ఆదోని పల్లెల్లో ముప్పై నలభై జీవాలున్న ఇళ్లలో చాలావాటికి ఉన్నది ఇలాంటి దొడ్డే.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలో మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది. అక్కడ ఒక కోటీ తొంభై ఒక్క లక్షలు, ఇక్కడ ఒక కోటీ డెబ్భై ఆరు లక్షలు. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం తెలుగువాళ్ల దొడ్లలోనే ఉన్నాయన్నమాట. ఇంత సంపద రాత్రిపూట ఎలాంటి నేల మీద పడుకుంటోందో ఒకసారి చూడాలి. చలికాలంలో పిల్లలు దగ్గుతాయి. తొలకరిలో అన్నిటికన్నా పుష్టిగా ఉన్న పిల్లే ముందు పడిపోతుంది. ఈనిన తల్లికి పాలు దిగవు. మందులు తెస్తాం, సూదులు వేయిస్తాం, నాలుగు రోజులకు మళ్లీ అదే జబ్బు. జబ్బు కాళ్ల కింద ఉంటే మందు నోట్లో పోసి ఏం లాభం?

మన ప్రాంతానికి జీవాలతో ఉన్న అనుబంధం నిన్నమొన్నటిది కాదు. బళ్లారి పక్కన సంగనకల్లు, కుడితిని, అనంతపురం జిల్లాలో పాలవాయి, పాలమూరు వైపు ఉట్నూరు – ఈ ఊళ్ల దగ్గర బూడిద దిబ్బలు ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను వాలిని దహనం చేసిన చోటని జనం చెప్పుకుంటారు. అవి పశువుల పేడ కాలి ఏర్పడిన దిబ్బలని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ పంతొమ్మిదో శతాబ్దంలోనే గుర్తించాడు. 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ ఉట్నూరు దిబ్బను తవ్వించినప్పుడు గుంజలు పాతి కట్టిన దడుల ఆనవాళ్లు, వాటి లోపల పశువుల గిట్టల గుర్తులు బయటపడ్డాయి. నాలుగైదు వేల ఏళ్ల కిందట ఇక్కడి మనుషులు పశువులను దొడ్లలో కట్టేవాళ్లు, పేరుకున్న పేడకు నిప్పు పెట్టేవాళ్లు. దొడ్డిలో పేరుకునేదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ఈ నేల మీద అంత పాతది.

మన తాతల కాలానికి దానికి ఒక చక్కని జవాబు దొరికింది. మందను కదిలించడమే ఆ జవాబు. పంట కోసుకున్నాక ఒక రైతు చేలో నాలుగు రాత్రులు మంద కట్టేవాళ్లు, తర్వాత పక్క చేలో నాలుగు రాత్రులు. రైతు గింజలు కొలిచేవాడు, నేలకు ఎరువు దక్కేది. ఇందులో ఇంకో మేలు ఎవరూ లెక్క కట్టకుండానే జరిగిపోయేది. పెంటికల్లో పడిన పురుగు గుడ్లు పిల్లలయ్యేసరికి మంద ఇంకో ఊరి పొలంలో ఉండేది. జబ్బు వెనకబడేది, జీవాలు ముందుకు పోయేవి.

ఇప్పుడు మంద నిలిచిపోయింది. బీళ్లు సాగులోకి వచ్చాయి, వంకపోరంబోకులు కుదించుకుపోయాయి. ఇంట్లో పిల్లలు చదువులకో, కూలికో పట్నం చేరారు. మిగిలిన ముప్పై నలభై జీవాలు పగలు గుట్ట చుట్టూ తిరిగి సాయంత్రానికి అదే దొడ్డికి వస్తాయి. ఆ రాత్రి, మరుసటి రాత్రి, ఏళ్ల తరబడి అదే నేల. కదలిక ఉన్నప్పుడు దానంతట అదే జరిగిన శుభ్రం ఇప్పుడు మనం చేత్తో చేయాలి. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. మంద ఊళ్లు తిరగలేకపోతే దొడ్డి లోపలే దానికి కదలిక కల్పించాలి.

ఎందుకంత పట్టుదల అంటే, జీవాల కడుపులో చేరే నట్టల సంగతి వినండి. నాలుగో పొట్టలో ఉండి నెత్తురు తాగే ఒక సన్నని పురుగు ఉంది. ఒక్క ఆడపురుగు రోజుకు వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేల మీద పడతాయి. తడి, వెచ్చదనం ఉంటే వారం రోజుల్లో పిల్లపురుగులై గడ్డికొసలకు ఎక్కి కూర్చుంటాయి. వెయ్యి పురుగులు ఉన్న గొర్రె రోజుకు యాభై మిల్లీలీటర్ల దాకా నెత్తురు పోగొట్టుకుంటుంది. కంటి రెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎర్రగా ఉండాల్సింది పాలిపోయి ఉంటుంది, దవడ కింద నీటివాపు దిగుతుంది. తొట్టి కారి ఎప్పుడూ తడిగా ఉండే మూల, అక్కడ మొలిచిన నాలుగు పచ్చి గడ్డిపోచలు – దొడ్డి మొత్తంలో ప్రమాదకరమైన చోటు అదే.

ఇక పని మొదలుపెడదాం. కాలం ముఖ్యం. ఉగాది దాటాక, రోహిణి కార్తె ముగిసేలోపు ఈ పని అయిపోవాలి. సుగ్గికని కూలికి వలస పోయినవాళ్లు తిరిగొచ్చి ఇంట్లో నాలుగు చేతులు దొరికే కాలం అది. నెత్తిన మండే ఎండ కూడా మనకు పనిమనిషే. మృగశిర వాన పడ్డాక తవ్వితే ఉన్న జబ్బును బురదలో కలిపి తొక్కించినట్టే.

మొదటి పని, మందను బయటికి తీయడం. మీదో, పక్కవాళ్లదో కోత అయిపోయిన చేను ఉంటే అక్కడ మంద కట్టండి. వలతోనో కంపతోనో చుట్టూ దడి, రాత్రి కాపలాకు ఒక మనిషి, ఒక కుక్క. దొడ్డి పని జరిగే నాలుగు వారాలైనా పాత పద్ధతి తిరిగొస్తుంది, చేనుకు ఎరువూ దక్కుతుంది.

రెండో పని, తవ్వడం. హాలహర్వి దగ్గర ఒక పల్లెలో ఇలాంటి దొడ్డి తవ్వుతుంటే దగ్గరుండి చూశాను. పైన జానెడు మందం పొడి పెంటికలు పారకు సులువుగా వచ్చాయి. దాని కింద మోకాటి లోతు వరకు నల్లగా, గట్టిగా, తొక్కి తొక్కి చట్టుగట్టిన పొర. గడ్డపార దిగితే గానీ పెళ్ల లేవలేదు. పెళ్ల లేచిన చోట కళ్లు మండించే ఘాటు కొట్టింది. ఆ పొరల మధ్య నైలాన్ పురికొసలు, పాలిథిన్ కవర్లు, తుప్పు పట్టిన సూదులు, పగిలిన మందుసీసాలు. గోడ వైపు రాళ్ల సందుల్లో వేలు పెట్టి చూస్తే బూడిదరంగు పిడుదులు గుత్తులుగా ఉన్నాయి. రాత్రి గోడకు ఆనుకుని పడుకునే గొర్రెల మీదికి అవి అక్కడి నుంచే ఎక్కుతున్నాయి. ఒంటికి ఎన్నిసార్లు మందు రాసినా పిడుదులు ఎందుకు పోవడం లేదో ఆ ఇంటివాళ్లకు ఆరోజు కళ్లారా కనబడింది.

తవ్వేటప్పుడు అసలు నేల తగిలేదాకా తవ్వండి. తడిసి నల్లబడిన మట్టి ఉంటే ఇంకో జానెడు తీసేయండి. సూదులు, గాజుముక్కలు చేతికి గుచ్చుకోకుండా చెప్పులు, చేతికి మందపాటి గుడ్డ తప్పనిసరి. పాలిథిన్, పురికొసలు ఒక్క ముక్క కూడా వదలవద్దు. జీవం మింగితే అవి పొట్టలో ఉండచుట్టుకుని ప్రాణం తీస్తాయి. ఒక హెచ్చరిక కూడా. ఎప్పుడైనా దొమ్మ రోగంతో జీవాలు చచ్చి, వాటిని పూడ్చిన చోటు దొడ్డి దగ్గర ఉంటే అక్కడ గడ్డపార వేయవద్దు. ఆ రోగం బీజాలు మట్టిలో పదుల ఏళ్లు బతుకుతాయి, మనిషికీ అంటుతాయి. ముందు పశువైద్యుడితో మాట్లాడండి.

తవ్వి తీసినదాన్ని తగలబెట్టవద్దు, అదే మీ ఖర్చు తీర్చే సొమ్ము. ఆరిన గొర్రె ఎరువులో నూటికి మూడు పాళ్లు నత్రజని, ఒక పాలు భాస్వరం, రెండు పాళ్లు పొటాష్ ఉంటాయి. టన్ను ఎరువులో ముప్పై కిలోల నత్రజని అంటే ఇంచుమించు ఒకటిన్నర బస్తా యూరియాకు సమానం. ఏళ్ల తరబడి పడి ఉన్న అడుగు పొరలో నత్రజని కొంత ఆవిరైపోయి ఉంటుంది, అయినా నల్లరేగడి చేనుకు అది బంగారమే. అయితే నేరుగా చేలో చల్లకండి. దొడ్డికి దూరంగా కుప్ప పోసి, నీళ్లు చిలకరించి, పైన మట్టో తాటాకో కప్పండి. లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడికి పురుగు గుడ్లు చస్తాయి. రెండు వారాలకోసారి పక్కలు లోపలికి, లోపలిది పక్కలకు వచ్చేలా తిరగేస్తే రెండు నెలల్లో మంచి ఎరువవుతుంది.

ఇందులో మన ప్రాంతానికి ఇంకో లాభం ఉంది. 1877 ప్రాంతంలో కడప జిల్లా కమలాపురం వైపు నాటిన సర్కారు కంప ఈనాడు ప్రతి గట్టు మీదా ఉంది. జీవాలు దాని కాయలు ఇష్టంగా తింటాయి, గింజలు అరగకుండా పెంటికల్లో వస్తాయి. పచ్చి ఎరువు చల్లిన చేలో కంప మొలకలు లేవడానికి కారణం అదే. కుప్పలో మాగితే ఆ గింజల్లో చాలావరకు చస్తాయి.

ఖాళీ అయిన దొడ్డిని వెంటనే కప్పేయకండి, ఎండనివ్వండి. గొర్రె మశూచి పొక్కులు రాలి చీకటి కొట్టంలో పడితే వాటిలో ఆ రోగం ఆరు నెలల దాకా బతికి ఉంటుంది. ఎండ తగిలితే తొందరగా చస్తుంది. అందుకే పాకలో వెలుతురు రాని మూలల్లో పైకప్పు రేకో బోదో కొన్నాళ్లు తీసి పక్కన పెట్టండి. గోడసందులను గీకి, మట్టితో మెత్తి, సున్నం కొట్టండి. నేల మీద పొడి సున్నం చల్లండి. తొట్లు, చెక్కలు, తలుపులు కడగడానికి పది లీటర్ల వేడినీళ్లలో నాలుగు వందల గ్రాముల చాకలి సోడా కలిపితే చాలు. బాగా ఆరాకే జీవాలను తోలాలి.

ఇప్పుడు సర్దుబాటు. పెద్ద గొర్రెకు కప్పు కింద పది చదరపు అడుగుల చోటు, ఆరుబయట దానికి రెట్టింపు కావాలి. పిల్లతల్లికి కప్పు కింద పదిహేను అడుగులు. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడవు ఉన్న పాత దొడ్డి 1200 చదరపు అడుగులు. నలభై గొర్రెలకు కప్పు కింద నాలుగు వందలు, బయట ఎనిమిది వందలు అందులోనే సరిపోతాయి. కొత్త స్థలం కొనక్కర్లేదు, ఉన్న స్థలాన్ని విడదీసుకోవాలి.

ఆ ఎనిమిది వందల అడుగుల బయలును సగానికి అడ్డంగా దడి కట్టి రెండు చేయండి. పదిహేను రోజులు ఒక సగంలో మంద పడుకుంటే, రెండో సగం ఊడ్చి, సున్నం చల్లి, ఎండబెట్టుకోవచ్చు. తర్వాత మార్చండి. తాతలు పొలం మారినట్టు మన మంద సగం నుంచి సగానికి మారుతుంది. చలికాలంలోనైనా వానాకాలంలోనైనా ఈ మార్పు ఆపకండి.

పాక పొడవు తూర్పు పడమరలుగా ఉంటే వేసవి ఎండ లోపలికి తక్కువ దూరుతుంది. నేల మధ్యలో కాస్త ఎత్తు, పక్కలకు వాలు ఉండాలి. నీళ్లు ఒక చిన్న కాలువలో చేరి బయటికి పోవాలి. తొట్టి దగ్గర, తలుపు దగ్గర నాలుగు నాపబండలు పరిస్తే ఆ చోట్ల బురద ఉండదు. తలుపు తోపుడుబండి పట్టేంత వెడల్పు ఉండాలి, గంపలో మోసే పని తగ్గుతుంది.

కప్పు కింద ఒక మూల ఈనేవాటికి కేటాయించండి. గాలి నేరుగా కొట్టని చోటు, పొడి గడ్డి పరుపు. పుట్టిన గంటలోపు పిల్లకు ముర్రుపాలు అందాలి, బొడ్డుకు అయోడిన్ పెట్టాలి. ఆ పక్కనే పిల్లల గూడు. పిల్లలు దూరేంత సందు, తల్లులు దూరలేని దడి, లోపల వాటికి మాత్రమే దాణా. ఒక చిన్న పరీక్ష చెబుతాను. రాత్రి భోజనాలయ్యాక దొడ్డిలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల ముక్కు ఉండే ఎత్తున గాలి పీల్చండి. మీ కళ్లు మండితే ఆ పిల్లల ఊపిరితిత్తులు రాత్రంతా అదే గాలి పీలుస్తున్నట్టు. నిలబడి చూసినప్పుడు ఆ సంగతి తెలియదు.

జబ్బు చేసిన జీవానికి, సంతలో కొత్తగా కొన్న జీవానికి వేరు దొడ్లు కావాలి. వానాకాలంలో మనకు గాలి పడమటి నుంచి వీస్తుంది కాబట్టి జబ్బు దొడ్డి తూర్పు పక్కన, పల్లానికి ఉండాలి. సంత నుంచి తెచ్చినదాన్ని మూడు వారాలు మందలో కలపవద్దు. ఈ మాట నేను గట్టిగా చెప్పడానికి కారణం పారుడు రోగం. దాన్ని మన దేశంలో మొదట 1987లో తమిళనాడులోని అరసూరులో గుర్తించారు. పశువులను ఊడ్చిపెట్టిన పెద్దరోగానికి అది దగ్గరి చుట్టం. పెద్దరోగం ప్రపంచం నుంచి పోయిందని 2011లో ప్రకటించారు. పారుడు రోగాన్ని 2030 నాటికి తుదముట్టించాలని ప్రపంచ దేశాలు లక్ష్యం పెట్టుకున్నాయి. ఆ వైరస్ ఎండలో, నేల మీద ఎక్కువసేపు బతకదు. ఒక జీవం నుంచి ఇంకో జీవానికి ఊపిరి ద్వారా, ముక్కుచీమిడి ద్వారా పోతుంది. అంటే టీకా ఒక పక్క, ఆ మూడు వారాల దూరం ఒక పక్క ఉంటే మీ దొడ్డి వరకు ఆ రోగానికి దారి మూసినట్టే.

తలుపు దగ్గర జీవాలు నడిచి వెళ్లేలా చిన్న తొట్టి ఒకటి కట్టండి. వానాకాలంలో గిట్టలు కుళ్లినప్పుడు పది లీటర్ల నీళ్లకు అరకిలో మైలుతుత్తం కలిపి అందులోంచి నడిపించాలి. అవి ఆ నీళ్లు తాగకుండా ముందే కడుపునిండా మంచినీళ్లు పెట్టండి, మైలుతుత్తం గొర్రెకు విషం. పత్తి మందుల ఖాళీ డబ్బాలు, డ్రమ్ములు నీళ్లకు గానీ దాణాకు గానీ వాడకండి, ఎంత కడిగినా సరే. తుంగభద్ర దిగువ కాలువ పొడుగునా నీళ్లు నిలిచే గడ్డిలో నత్తలుంటాయి, వాటి వల్ల కార్జపు జలగ వస్తుంది. అక్కడ మేపే మందకు నట్టల మందు విషయం పశువైద్యుడికి విడిగా చెప్పండి.

గోడకు ఒక పలక తగిలించి టీకాల కాలం రాసుకోండి. తొలకరి గడ్డి మొలవకముందే చిటుకు రోగానికి, వానలకు ముందే గొంతువాపుకు, తర్వాత నీలినాలుకకు, మశూచికి, పారుడు రోగానికి మీ ఆసుపత్రి చెప్పిన వరుసలో. వైద్యుడు అందుబాటులో లేకపోతే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

మన దగ్గరి ఉన్ని గొర్రెను పుస్తకాల్లో బళ్లారి జాతి అంటారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా ఆలూరు, ఆదోని తాలూకాలు బళ్లారి జిల్లాలోవే. హద్దు మారింది, గొర్రె మారలేదు. ఉన్ని ఉన్న జీవానికి వానలకు ముందే బొచ్చు కత్తిరిస్తే పేడ అంటదు, పిడుదులు కనబడతాయి. ఆ పని కూడా నాపబండల మీద చేస్తే కంబళి నేసేవాళ్లకు మట్టి అంటని ఉన్ని దొరుకుతుంది.

జాతీయ పశుసంపద పథకం కింద సగం రాయితీ వచ్చేది వంద ఆడగొర్రెలు, ఐదు పొట్టేళ్ల నుంచి మొదలయ్యే యూనిట్లకు. నలభై జీవాల ఇంటికి ఆ రాయితీ అందదు. అలాంటి ఇంటిని కాపాడేది ఎరువు అమ్మిన డబ్బుతో, ఇంటి చేతులతో చేసుకునే ఈ బాగుసేత. చిన్న మందల పాత దొడ్లు బాగుచేసుకోవడానికి కూడా సాయం ఇవ్వాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. సున్నం, నాపబండలు, దడికి వల – వీటికయ్యే ఖర్చు ప్రభుత్వాలకు లెక్కలోకి వచ్చేది కాదు.

చివరిగా ఒక మాట. రోజూ తెల్లవారకముందే దొడ్డి ఊడ్చేది, గంపలెత్తేది, పిల్లలకు పాలు పట్టించేది చాలా ఇళ్లలో ఆడవాళ్లు. ఏ మూల తడి ఆరదో, ఏ తల్లి పిల్లను దగ్గరికి రానివ్వదో, ఏ జీవం నిన్న మేత ముట్టలేదో అందరికన్నా ముందు వాళ్లకు తెలుస్తుంది. తొట్టి ఎక్కడుండాలి, తలుపు ఎటు తిరగాలి, పిల్లల గూడు ఎంత ఎత్తు ఉండాలి అన్నవి వాళ్లతో కూర్చుని తేల్చుకోండి. గడ్డపార పట్టేముందు చేతిలో సున్నప్పొడి తీసుకుని, ఆమె చెప్పిన చోట నేల మీద గీతలు వేయండి. ఆ గీతల ప్రకారం కట్టిన దొడ్డి రోజూ శుభ్రంగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని శుభ్రం చేయడం అప్పుడు ఒక మనిషి నడుము విరిచే పనిగా ఉండదు.